పెళ్లి వీడియోలకి ఇంటి సర్వర్: చవక గ్రాఫిక్స్ కార్డు ఎంచుకోవడం, బిగించడం, నడపడం

శ్రీకాకుళంలో పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. ఈ పనిలో ఉన్నవాళ్లెవరి గదికి వెళ్లినా రెండు గుట్టలు కనిపిస్తాయి: నిండిపోయిన హార్డ్ డిస్కులు, మిక్సింగ్‌కి చాలక పక్కన పడేసిన కంప్యూటర్లు. ఈ రెండింటినీ కలిపి, మధ్యలో ఒక చవక గ్రాఫిక్స్ కార్డు పెడితే ఇంటికి సరిపడా మీడియా సర్వర్ అవుతుంది. మా ఇంట్లో అలాంటిదే నడుస్తోంది. హాల్లో టీవీ, అమ్మ ఫోను, పుణెలో ఉన్న బావ ల్యాప్‌టాప్ అన్నిటికీ వీడియోలు దాన్నుంచే వెళ్తాయి.

కార్డు కొనడానికి వెళ్తే షాపులో మొదట అడిగేది "ఎన్ని జీబీ కావాలండీ?" అని. సర్వర్‌కి ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. గేములు ఆడే బలం వేరు, వీడియోని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చే బలం వేరు. కార్డు చిప్పులో వీడియోని విప్పడానికి, మళ్లీ కట్టడానికి మాత్రమే ఒక చిన్న భాగం ఉంటుంది. ఎన్విడియా వాళ్లు దాన్ని ఎన్‌వీడెక్, ఎన్‌వెంక్ అంటారు, ఇంటెల్ వాళ్లు క్విక్ సింక్ అంటారు. మనం డబ్బు పెట్టేది ఆ భాగం కోసమే. అది ఏ తరానిది, దానికి ఏ ఫార్మాట్లు తెలుసు అన్నది చూసుకుంటే చాలు. జీబీలు, ఫ్యాన్లు, రంగు లైట్లు అన్నీ ఆ తర్వాతే.

అసలు కార్డు కావాలా?

ఫైలు మీ టీవీకి నేరుగా అర్థమైతే సర్వర్‌కి పనే లేదు. డిస్కులోంచి తీసి పంపిస్తుంది, అంతే. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు. ఎంత పాత కంప్యూటరైనా ఇది చేస్తుంది. టీవీకి అర్థం కాని ఫైలైనా, నెట్ స్పీడు చాలకపోయినా సర్వర్ అప్పటికప్పుడు ఫైలుని మార్చి పంపాలి. అదే ట్రాన్స్‌కోడింగ్. ప్రాసెసర్ మీద భారం పడేది, కార్డు ఆదుకునేది అక్కడే.

మా దగ్గరున్న ఫైళ్ల సంగతి చెబితే మీ ఇంటి లెక్క మీకే తేలుతుంది. 2000 తర్వాత చాలా ఏళ్లు పెళ్లి అంటే వీసీడీలు, ఆ తర్వాత డీవీడీలు. వీసీడీ ఎంపెగ్ 1, డీవీడీ ఎంపెగ్ 2. డీవీడీలో నిలువునా ఉండేది 576 లైన్లే. ఇప్పటి టీవీ యాప్‌లు వీటిని చూసి మొహం తిప్పుకుంటాయి, కాబట్టి మార్చక తప్పదు. కానీ ఇంత చిన్న బొమ్మని మార్చడం మామూలు ప్రాసెసర్‌కి కూడా లెక్కలోది కాదు. వీటి కోసం ఎవరూ కార్డు కొనక్కర్లేదు. (సీడీల నుంచి ఇంకా డిస్కులోకి ఎక్కించని వాళ్లుంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. మన తేమకి సీడీల వెనక పూత పొరలుగా లేచిపోతుంది, తర్వాత ఏ కార్డూ దాన్ని తిరిగి తేలేదు.)

హ్యాండీక్యామ్‌లో తీసిన ఎంటీఎస్ ఫైళ్లు తర్వాతి మెట్టు. లోపల ఉండేది హెచ్.264 అనే ఫార్మాట్ కాబట్టి చాలా టీవీలకి తెలిసిందే. అయితే చాలావాటిలో బొమ్మ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక లైను విడిచి ఒక లైను చొప్పున తీసింది. కొన్ని చోట్ల చేతులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. సర్వర్ వాటిని సరిచేసి పంపాలంటే కార్డు ఉంటే తేలిక.

అసలు కష్టం 4కే నుంచి మొదలవుతుంది. కెమెరాలో 4కే 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంట తతంగం 45 జీబీ. చాలా టీవీల వెనక ఉన్న ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే వైరు పెట్టినా తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగి ఆగి వస్తుంది. రూటర్ దగ్గర్లో ఉంటే అదే టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై మేలు. ఫోన్లతో ఇంకో గొడవ. ఈ మధ్య ఫోన్లు హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్లో, వెలుగు, రంగులు ఎక్కువ పట్టే 10 బిట్ హెచ్‌డీఆర్‌లో తీస్తున్నాయి. హెచ్‌డీఆర్ లేని టీవీలో అది పెడితే పెళ్లికూతురి చీర వెలిసిపోయి, మొహాలు బూడిద రంగులో కనిపిస్తాయి. రంగుల్ని మామూలు టీవీకి తగ్గట్టు దించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. 4కేలో ఆ పని ప్రాసెసర్ మీద వేస్తే నత్తనడకే. మీ ఇంట్లో ఇలాంటి ఫైళ్లు ఉంటేనే కార్డు గురించి ఆలోచించండి.

అప్పుడు కూడా ఇంకొకటి చూడాలి. మీ కంప్యూటర్‌లో ఇంటెల్ 7వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండి, పేరు చివర ఎఫ్ అనే అక్షరం లేకపోతే, దాదాపు ఎప్పుడూ లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ దానికి తెలుసు. ఇంటి వాడకానికి అది చాలు, కార్డు డబ్బులు హార్డ్ డిస్కుకి పెట్టుకోండి. 6వ తరం అయితే 8 బిట్ వరకే. 4వ తరం అంతకంటే వెనకబడింది, హెచ్.264తో సరి. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లలో ఈ తరం ఇంకా బాగా దొరుకుతుంది. కార్డు కావలసింది ఇలాంటి పాత వాటికి, ఎఫ్ ప్రాసెసర్లకి, గ్రాఫిక్స్ లేని ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లకి.

ఏ కార్డు

వద్దన్నవి ముందు చెబుతాను, ఎందుకంటే చవక అని షాపువాళ్లు చూపించేవి ఎక్కువగా అవే. జీటీ 710, 730 చాలా పాతవి, వాటికి హెచ్‌ఈవీసీ రాదు. జీటీ 1030 కొంచెం కొత్తది, విప్పడం వచ్చు, కట్టడం రాదు. అందులో ఎన్‌వెంక్ అసలు లేదు. ఏఎండీ ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలదీ అదే కథ. గేములకి పనికొస్తాయి, కానీ ఎన్‌కోడర్ లేదు. కొత్త కార్డు, పేరున్న కంపెనీ అని నమ్మి సర్వర్‌కి కొంటే సగం పని ప్రాసెసర్ మీదే పడుతుంది.

పనికొచ్చే వాటిలో అందుబాటు ధర జీటీఎక్స్ 1050 టీఐది. 2016 నాటి కార్డు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే. 10 బిట్ హెచ్‌ఈవీసీ విప్పుతుంది, హెచ్.264లోకి కడుతుంది, టోన్ మ్యాపింగ్ చేస్తుంది. 75 వాట్ల కార్డు కాబట్టి చాలా మోడళ్లు బోర్డు స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి, విడిగా వైరు అడగవు. లోటు ఏమిటంటే ఏవీ1 అనే ఇంకా కొత్త ఫార్మాట్ దీనికి తెలియదు. ఇంకోటి, ఈ తరం కార్డులకి ఎన్విడియా 580 సిరీస్ డ్రైవరే ఆఖరిది. లినక్స్ వాడేవాళ్లు ఆ సిరీస్ దగ్గరే ఆగాలి. జీటీఎక్స్ 1650 ఒక తరం ముందుకి, దానికి ఈ డ్రైవర్ చిక్కు లేదు. రెండింటి మధ్య ధర తేడా తక్కువైతే నేను 1650 తీసుకుంటాను.

సన్నటి ఆఫీసు క్యాబినెట్ ఉంటే క్వాడ్రో పీ400 వెతకండి. 30 వాట్లు, సగం ఎత్తు కార్డు. మెమరీ 2 జీబీయే కాబట్టి 4కే హెచ్‌డీఆర్ దగ్గర ఇరుకు, 1080కి హాయి.

నా సర్వర్‌లో ఉన్నది ఇంటెల్ ఆర్క్ ఏ380. ఏ310 కూడా ఇదే కుటుంబం, ఇంకా చవక. ఈ కుటుంబంలో పెద్ద కార్డుల్లో ఉన్న వీడియో భాగమే చిన్నదాంట్లోనూ ఉంది, అందుకే సర్వర్‌కి ఏ310 చాలు అంటాను. ఏవీ1 విప్పుతుంది, కడుతుంది కూడా. నాలాంటి వీడియో పనివాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది. ఇప్పటి కెమెరాలు హెచ్‌ఈవీసీని 4:2:2 10 బిట్‌లో (రంగుల వివరం ఎక్కువ దాచే పద్ధతి) తీస్తున్నాయి. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా ఏ కార్డూ దాన్ని హార్డ్‌వేర్‌తో విప్పలేదు. ఈ చవక ఆర్క్ విప్పుతుంది. కానీ అదే 4:2:2 హెచ్.264లో తీసి ఉంటే ఆర్క్ కూడా చేతులెత్తేస్తుంది. అలాంటి ఫైళ్లకి ముందే ఒక 1080 కాపీ తీసి సర్వర్‌లో పెట్టండి, ఒరిజినల్ డిస్కులో ఉంచుకోండి.

ఆర్క్ అందరికీ కాదు. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) లేని పాత బోర్డుల్లో దీని జోలికి పోకండి, తెర మీద బొమ్మే రాకపోవచ్చు. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేకపోతే గేముల్లో బాగా నెమ్మదిస్తుంది గానీ వీడియో మార్చడానికి అది అడ్డు కాదు. కొన్ని ఏ380 మోడళ్లు 8 పిన్ వైరు అడుగుతాయి, డబ్బా మీద చూసి కొనండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక జాగ్రత్త. 1050 టీఐ పేరుతో దొంగ కార్డులు తిరుగుతున్నాయి. పాత కార్డు లోపలి బయోస్ మార్చి, పైన కొత్త స్టిక్కర్ అంటిస్తారు. జీపీయూ జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. దొంగ ఎన్విడియా కార్డయితే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. అమ్మేవాడు "సిస్టమ్‌కి పెట్టి చూపించడం కుదరదు" అంటే లేచి వచ్చేయడమే. డబ్బులు ఇచ్చే ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో, స్లాట్‌లోకి దిగే బంగారు రంగు పళ్లు నల్లబడ్డాయో లేదో కూడా చూడండి.

బిగించడం

కరెంటు తీసి, స్విచ్ కూడా ఆపి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. కార్డు పొడుగు స్లాట్‌లోకి వెళ్తుంది. టక్‌మని గొళ్లెం పడేదాకా నొక్కాలి. సన్న క్యాబినెట్‌కైతే కార్డుతో వచ్చిన పొట్టి బ్రాకెట్ మార్చుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఆ పొట్టి బ్రాకెట్ చాలాసార్లు ఉండదు, అడిగి తీసుకోండి. ఆఫీసు సిస్టమ్‌ల ఎస్ఎంపీఎస్‌లో (లోపలి కరెంటు డబ్బా) కార్డుకి ఇచ్చే విడి వైరు సాధారణంగా ఉండదు కాబట్టి స్లాట్ కరెంటుతో నడిచేదే కొనాలి. వైరు మార్చే కన్వర్టర్లు అమ్ముతారు, నేనైతే వాడను.

కంప్యూటర్ బయోస్‌లోకి (ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల తెర) ఒకసారి వెళ్లాలి. ఆర్క్ అయితే అక్కడ ఏఎస్‌పీఎం అనే కరెంటు ఆదా సెట్టింగ్‌ని ఆన్ చేసి ఎల్1 పెట్టండి. విండోస్ వాడితే పవర్ ఆప్షన్స్‌లో లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ని గరిష్ఠ ఆదాకి మార్చండి. ఇవి చేయకపోతే ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆర్క్ కరెంటు తాగుతూనే ఉంటుంది. అక్కడే కరెంటు పోయి వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా ఉంటుంది, దాన్నీ పెట్టేయండి.

విండోస్ అలవాటు ఉంటే విండోస్‌లోనే ఉండండి, డ్రైవర్ ఎక్కిస్తే చాలు. నేను వాడేది లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04. ఆర్క్ కార్డుని లినక్స్ తనంతట తాను గుర్తించడం 6.2 కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) నుంచి మొదలైంది. ఉబుంటు 24.04లో 6.8 ఉంది కాబట్టి ఏమీ చేయక్కర్లేదు. డెబియన్ 12 అయితే 6.1 దగ్గర ఉంది, కెర్నల్ మార్చుకోవాలి.

జెల్లీఫిన్‌లో కార్డుకి పని అప్పగించడం

సర్వర్ సాఫ్ట్‌వేర్‌గా జెల్లీఫిన్ అనడానికి కారణం సూటిగా చెబుతాను. ఇలాంటివే అయిన ప్లెక్స్‌లో, ఎంబీ (Emby) అనేదాంట్లో కార్డుతో ట్రాన్స్‌కోడ్ చేయించాలంటే డబ్బు కట్టాలి. 2018లో ఎంబీ నుంచి విడిపోయి వచ్చిన జెల్లీఫిన్‌లో అన్నీ ఉచితం. కార్డు చవకలో కొని సాఫ్ట్‌వేర్‌కి చందా కట్టడం నాకు నచ్చలేదు.

లైబ్రరీ పెట్టేటప్పుడు సినిమాలు అని కాకుండా హోమ్ వీడియోస్ అనే రకం ఎంచుకోండి. లేకపోతే పెళ్లి వీడియోకి ఏదో సినిమా పోస్టర్ అంటించి కూర్చుంటుంది. తర్వాత డాష్‌బోర్డ్‌లో ప్లేబ్యాక్ కింద ట్రాన్స్‌కోడింగ్ పేజీ తెరవండి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అన్నచోట ఇంటెల్‌కి క్విక్ సింక్, ఎన్విడియాకి ఎన్‌వెంక్. దాని కింద ఫార్మాట్ల గళ్లు ఉంటాయి. మీ కార్డుకి వచ్చినవే టిక్ పెట్టండి. అన్నీ టిక్ పెడితే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ కార్డుకి రాని ఫార్మాట్ దాని నెత్తిన పెడితే వీడియో మొదలవకుండానే ఎర్రర్ వస్తుంది. 1050 టీఐ అయితే ఏవీ1 గడి ఖాళీగా వదలాలి. ఆర్క్‌తో 4:2:2 ఫైళ్లు ఆడించాలంటే కొత్త వెర్షన్లలో హెచ్‌ఈవీసీ రెక్స్‌ట్ అనే గడి ఉంటుంది, అది పెట్టుకోవాలి. టోన్ మ్యాపింగ్ ఆన్ చేయండి. ఎంటీఎస్ ఫైళ్లు ఉన్నవాళ్లు అక్కడే కింద డీఇంటర్‌లేసింగ్ పద్ధతి బీడబ్ల్యూడిఫ్ అని మార్చుకుంటే బొమ్మ ఇంకొంచెం నున్నగా ఉంటుంది.

లినక్స్‌లో అందరూ ఆగిపోయే చోటు ఒకటుంది. జెల్లీఫిన్ అనే యూజర్‌ని రెండర్ గ్రూపులో చేర్చాలి. లేకపోతే కార్డు ఉండి కూడా దాని తలుపు తెరుచుకోదు. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే పద్ధతి) నడిపేవాళ్లు ఇంటెల్ అయితే కార్డుకి దారి ఇచ్చే డీఆర్ఐ ఫోల్డర్‌ని లోపలికి ఇవ్వాలి, ఎన్విడియా అయితే వాళ్ల కంటైనర్ టూల్‌కిట్ ఎక్కించాలి.

పని చేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఫోన్‌లో జెల్లీఫిన్ యాప్ తెరిచి, సర్వర్‌లోని ఒక 4కే హెచ్‌ఈవీసీ ఫైలు ప్లే చేసి, క్వాలిటీని 720కి దించండి. ఇక సర్వర్ మార్చక తప్పదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీకి వెళ్లి వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ గీతలు చూడండి. 3డీ గీత చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. లినక్స్‌లో ఇంటెల్‌కి ఇంటెల్ జీపీయూ టాప్, ఎన్విడియాకి ఎన్విడియా ఎస్ఎంఐ అనే కమాండ్లు ఉన్నాయి. గీత లేచి, ప్రాసెసర్ నిమ్మళంగా ఉంటే గెలిచినట్టే. ప్రాసెసర్ నూరు శాతానికి ఎగబాకి కార్డు నిద్రపోతుంటే లాగ్ ఫైళ్లలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ట్రాన్స్‌కోడ్ పేరుతో ఉన్నది తెరవండి. ఏ దగ్గర ఆగిందో అందులో రాసి ఉంటుంది.

ఒక్కోసారి బొమ్మ మార్చనవసరం లేకపోయినా సర్వర్ మారుస్తూ ఉంటుంది. చాలావరకు దోషి సబ్‌టైటిళ్లు. బొమ్మ రూపంలో ఉన్న సబ్‌టైటిల్‌ని టీవీ చూపించలేకపోతే సర్వర్ దాన్ని వీడియో మీద ముద్ర వేసి పంపాలి, దాని కోసం మొత్తం వీడియో మళ్లీ కట్టాలి. డీటీఎస్ సౌండ్ రాని టీవీలకి మాత్రం సౌండ్ ఒక్కటే మారుతుంది, ఆ పని ప్రాసెసర్‌దే, చాలా చిన్నది. ప్లే అవుతున్నప్పుడు ప్లేబ్యాక్ ఇన్ఫో నొక్కితే కారణం అక్కడే కనిపిస్తుంది.

కరెంటు, ఉప్పుగాలి

సర్వర్ రోజంతా ఆన్‌లో ఉండే వస్తువు. ఒక్కో వాటుకి నెలకి 0.72 యూనిట్. ఖాళీగా ఉన్నప్పుడు 40 వాట్లు తీసుకునే సిస్టమ్ నెలకి దాదాపు 29 యూనిట్లు లాగుతుంది. ఆ 29 యూనిట్లు మీ బిల్లులో పై శ్లాబుకి చేరతాయి కాబట్టి ఎక్కువ రేటే పడుతుంది. కార్డు కొనేటప్పుడు ఫుల్ లోడ్ వాట్లు అందరూ చూస్తారు, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత అన్నదే మన బిల్లుకి ముఖ్యం. రాత్రి 12 నుంచి పొద్దున్న దాకా ఎవరూ చూడరు అనుకుంటే ఆ వేళలో నిద్రపుచ్చి బయోస్‌లో టైము పెట్టి లేపండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని మార్చే స్విచ్ ఉందేమో చూడండి. ఎకోలో ఉంటే కరెంటు పోయిన క్షణంలో ఫ్యాన్‌కి తేడా తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే చాలావాటికి ఆ బాధ ఉండదు. వోల్టేజి ఎగుడుదిగుళ్లు ఉన్న వీధిలో స్టెబిలైజర్ ఖర్చు కార్డు ఖర్చులో కలిపి లెక్క వేసుకోండి.

కళింగపట్నంలో చిన్నాన్న ఇల్లు సముద్రానికి దగ్గర. అక్కడ పెట్టిన సిస్టమ్‌లో కార్డు పళ్లు తొందరగా నల్లబడతాయి, ఒక రోజు కార్డే కనిపించడం మానేస్తుంది. కార్డు తీసి, గుంటల పెన్సిల్ రబ్బరుతో పళ్లు మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి గుడ్డతో తుడిచి, ఆరాక పెడితే తిరిగి వస్తుంది. తీరంలో ఉన్నవాళ్లు కిటికీ పక్కన సర్వర్ పెట్టకండి. క్యాబినెట్ వెనక ఖాళీ స్లాట్ల రేకులు తీసేసి ఉంటే మూసేయండి, బల్లులు, చీమలు వచ్చేది అక్కడి నుంచే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచి ముఖ్యమైన డిస్కులకి రెండో కాపీ విజయనగరంలో చుట్టాల ఇంట్లో ఉంచుతున్నాను.

బయటి ఊళ్ల నుంచి చూడటానికి

మన దగ్గర చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (నెట్‌లో ఇంటి చిరునామా) రాదు, ఒకే ఐపీ వెనక ఎన్నో ఇళ్లు ఉంటాయి. రూటర్‌లో పోర్టు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. రెండు వైపులనీ ఒకే సొంత నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ అనే యాప్‌ని సర్వర్‌లోనూ, అవతలివాళ్ల ఫోన్‌లోనూ వేస్తే ఆ చిక్కు తీరుతుంది, ఇంటి వాడకానికి ఉచితం.

కార్డుకి అసలైన పని పడేది ఇక్కడే. మా అప్ప కూతురి పెళ్లి ఒరిజినల్ గంటకి 45 జీబీ, అది పుణెదాకా అలాగే వెళ్లదు. 6 ఎంబీపీఎస్‌లో 1080కి మార్చితే గంటకి 2.7 జీబీ అవుతుంది, మన అప్‌లోడ్ స్పీడు ఆ మాత్రం మోస్తుంది. బావకి క్వార్టర్స్‌లో నెట్ అంతంతమాత్రం కాబట్టి ఆయన యాప్‌లోనే క్వాలిటీ 4 ఎంబీపీఎస్‌కి పెట్టించాను. "ఎందుకో మసగ్గా ఉంది రా" అని ఫోన్ చేస్తే, వైఫైలో ఉన్నప్పుడు 6కి, మొబైల్ డేటాలో ఉన్నప్పుడు 4కి మార్చుకోమని చెప్పాను. ఒకే రోజు ముగ్గురు నలుగురు కలిసి చూసినా ఏ380 తడబడదు. 1050 టీఐలో ఒకేసారి ఇన్ని వీడియోలే కట్టాలని ఎన్విడియా పెట్టిన పరిమితి ఉంది, డ్రైవర్ కొత్తదయ్యే కొద్దీ అది పెరిగింది, ఇంటి చుట్టాల సంఖ్యకి సరిపోతుంది. ముందు ఆగిపోయేది మీ అప్‌లోడ్ స్పీడే. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె వదిలేసి అప్‌లోడ్ అంకె చూసి, దాన్ని 6తో భాగించండి. అంతమందికే లింకు ఇవ్వండి.